రెండో పిడికెడు

బియ్యం రేకు డబ్బాలో పడే చప్పుడు అందరికీ ఒకటే కావచ్చు. నాకు మాత్రం ఆ చప్పుడు వినబడగానే, వెనక ఎవరో కూర్చుని వింటున్నట్టు ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బా పెట్టుకోరాదా అని మా ఆయన చాలాసార్లు అన్నాడు. ఒకసారి పెట్టి కూడా చూశాను. చప్పుడు రాకపోయేసరికి ఇంకా భయమేసింది. కొన్నాళ్ళకే మళ్ళీ అటక మీంచి రేకు డబ్బా దింపుకున్నాను.

పిడికెడు బియ్యం సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మా క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్ళు, వండబోయే బియ్యంలోంచి ముందుగా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడిది. శనివారం అందరి ఇళ్ళలోని డబ్బాలూ ఒకచోట గుమ్మరించి, ఆదివారం గుడికి తీసుకుపోతారు. కొంత పాస్టరు అయ్యగారి ఇంటికి, కొంత పొయ్యి వెలగని ఇళ్ళకు. కానుక పళ్ళెంలో వేసే డబ్బులు మగవాళ్ళ జేబుల్లోంచి రావాలి. ఈ పిడికెడుకు మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు, అందుకే మా ఆడవాళ్ళకు దీని మీద అంత పట్టుదల.

మాది తనకల్లు పక్క ఒక పల్లె. ఎర్రమట్టి, బండలు, వానొస్తే శెనక్కాయ, రాకపోతే బెంగళూరు. అమ్మానాయనలు తొంభైల చివర్లో బాప్తిస్మం తీసుకున్నారు. చెరువులో మనిషి మునిగేంత నీళ్ళు లేక, ఒక రైతు బోరు దగ్గర తొట్టి నింపి అందులో ముంచారు. నాయన వంగలేక వంగి మునిగాడు. అమ్మ ఒక్కసారే మునిగి, లేచి నవ్వింది. ఆ తర్వాత నాయన గుడికి వచ్చినప్పుడు వచ్చేవాడు, రానప్పుడు చెట్టు కింద బీడీ తాగేవాడు. అమ్మ అట్లా కాదు. మునిగింది మునిగినట్టే ఉండిపోయింది.

అవ్వ, అంటే మా నాయన తల్లి, ఆ తొట్టి దగ్గరికే రాలేదు.

"మీరు మునిగితే మునగండప్పా, నన్ను లాగద్దండి. నేను పోతే మీ నాయన కాడికి పోవల్ల. మీ దేవుని కాడికి పోతే ఆయప్ప నన్నెట్ల కనుక్కుంటాడు?" అంది.

అప్పటికే అవ్వకు చూపు పూర్తిగా పోయింది. పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. ఇంట్లో ఏ గిన్నె ఎక్కడ పెట్టారో, ఎవరి అడుగు ఎవరిదో, నీళ్ళు ఎన్ని బిందెలు వచ్చాయో అన్నీ చెవులతోనే తెలుసుకునేది. గుడికి పోవడం గురించి అమ్మను ఒక్క మాట అనలేదు. ఆమె బాధంతా పెద్దల అమాస గురించే. ఏటా ఆ అమాసకు తాతకూ, మా పెద్దనాయనకూ అన్నం పెట్టి, గుడ్డలు పెట్టి మొక్కేవాళ్ళు. పెద్దనాయన పెళ్ళి కాకముందే బావిలో పడి పోయాడు. నీళ్ళు లేక అల్లాడే మా ఊళ్ళో నీళ్ళల్లో పడి పోయినవాడు ఆయన ఒక్కడే. బావి నిండిన సంవత్సరమే వాడికి గడువు తీరిందని అవ్వ చెప్పుకుని ఒక్కోసారి నవ్వేది కూడా.

బాప్తిస్మం తర్వాత మొదటి అమాసకు మా ఇంట్లో ఏమీ పెట్టలేదు. ఆ మరుసటి రోజు నుంచి మొదలయింది. దీపం పెట్టే వేళకు అవ్వ తల ఎత్తి వాకిలి వైపు తిప్పేది.

"మే, తలుపు తీయే. మీ తాత వచ్చిండాడు. కాలీడుస్తాండాడు సూడు."

నేను తలుపు తీసి చూసేదాన్ని. వాకిట్లో గాలి దుమ్ము లేపుతూ ఉండేది, అంతే.

"ఎవురూ లేరవ్వా."

"నీకు కండ్లుండాయి గానీ చెవులు ల్యావు. పెద్దోడూ వచ్చిండాడు. వాడు ఆకలికి తట్టుకోల్యాడు, చిన్నప్పట్నుంచీ అంతే."

నాకప్పుడు పదేళ్ళు కూడా లేవు. ఆ మాటలు విన్నాక చీకటి పడితే ఒంటరిగా వాకిట్లోకి పోయేదాన్ని కాదు. ఒంటేలుకు కూడా అమ్మ కొంగు పట్టుకునే పోయేదాన్ని. అమ్మ మాత్రం అవ్వ పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పేది.

"అత్తా, పోయినోళ్ళకు ఆకలుండదు. వాళ్ళు పోయినచోట అన్నీ ఉంటాయి."

"అన్నీ ఆడుంటే మళ్ళీ ఈడికేమిటికి వస్తారు?"

అమ్మ అక్కడే మోకరించి ప్రార్థన చేసేది. ఎన్నాళ్ళు చేసిందో నాకు గుర్తు లేదు. ఆ రోజుల్లోనే సంఘంలో ఆడవాళ్ళు పిడికెడు బియ్యం మొదలుపెట్టారు. నూనె రేకు డబ్బా మూత కోయించి, అంచులు చేయి కోసుకోకుండా సుత్తితో కొట్టించి, అమ్మ దాన్ని పొయ్యి పక్కన గూట్లో పెట్టింది. పొద్దున ఒక పిడికెడు, సాయంత్రం సంగటికి ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు. ఖాళీ డబ్బాలో మొదటి గింజలు పడితే ఇల్లంతా వినబడేది.

అంతలో అవ్వ నెమ్మదించింది. వాకిలి వైపు తల తిప్పడం మానేసింది. సాయంత్రం అయితే గూటి వైపు చెవి పెట్టి కూర్చునేది, బియ్యం చప్పుడు వినబడగానే "ఊఁ" అనేది. ఇరుగుపొరుగు వచ్చి పలకరిస్తే, "ఇంగ నాకేం బాధ ల్యాదు. నా కోడలు బంగారం" అనేది. చచ్చినవాళ్ళ మాటే ఎత్తేది కాదు.

అమ్మ పట్టరాని సంతోషంతో గుళ్ళో సాక్ష్యం చెప్పింది. మా అత్తకు దేవుడు నెమ్మదినిచ్చాడు, ఆమెను పీడించే భయాలు పోయాయి అని నిలబడి చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చాప మీద కూర్చుని మా అమ్మను గొప్పగా చూసుకున్నాను. ఆ తర్వాత స్త్రీల కూటానికి అమ్మనే పెద్దగా పెట్టారు.

పెద్దరికం అంటే ఏముంది, ఉన్న చాకిరీకి ఇంకో చాకిరీ. నాయన ఇళ్ళు కట్టే బేల్దారి పనికి బెంగళూరు పోతే నెలకోసారి వచ్చేవాడు. అమ్మ విత్తనం శెనక్కాయలు ఒలిచే కూలికి రైతింటికి పోయేది. కూటం ఉన్న రోజు కూలికి ఎగనామం పెడితే రైతు భార్య మూతి ముడిచేది, కూలికి పోయి కూటం మానేస్తే అయ్యగారి భార్య నిట్టూర్చేది. అమ్మ ఇద్దరికీ నచ్చజెప్పుకుని, కాయలు బుట్టకెత్తి ఇంటికి తెచ్చేది. కూటానికి వచ్చినవాళ్ళ ముందు కూడా బుట్ట పెట్టేది. వాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ కాయలు ఒలిచేవాళ్ళు. ఆమెన్ అనేసరికి చాట నిండేది. అవ్వ కూడా తడుముకుంటూ ఒలిచేది, ఆమెన్ మాత్రం అనేది కాదు.

కూలి నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు, సంగటి మాకు పెట్టి అమ్మ ఊరికే కూర్చునేది. నువ్వు తినవా అంటే, "రైతింట్లో తిన్యా లే" అనేది. రైతింట్లో కూలోళ్ళకు గ్లాసుడు టీ నీళ్ళు తప్ప ఇంకేమీ పెట్టేవాళ్ళు కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

తర్వాత వరసగా వానలు మొండికేసిన ఏళ్ళు వచ్చాయి. విత్తనం వేసిన చేన్లు ఎండి, కాయ పట్టకుండానే చెట్టును పశువులకు పీకేశారు. మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. శనివారం వచ్చే డబ్బాల్లో బియ్యం అడుగున మాత్రమే ఉండేది, అయినా తెచ్చేవాళ్ళు. అమ్మ కూడా ఒక్క పూట తప్పలేదు. దేవుని పిడికెడు పోను మిగిలిందే మనది అనేది. అప్పట్లో నాకు ఆ మాట మీద ఒళ్ళు మండేది. దేవునికేం, ఆయన సంగటి తింటాడా అని గొణిగేదాన్ని.

అట్లాంటి ఒక సాయంత్రం అవ్వకు జ్వరం వచ్చింది. రేషను స్టోరు బియ్యం ఇంకా రాలేదు. కుండ అడుగున ఉన్నవి, అవ్వకు గంజి కాచేంత. అమ్మ చాటలో పోసుకుని అలవాటుగా పిడికెడు తీసింది. చెయ్యి డబ్బా దాకా పోయింది. అక్కడ ఆగింది. కాసేపు అట్లాగే ఉండి, పిడికిలి మళ్ళీ చాటలోకే విప్పేసింది.

"ఈపొద్దుకు దేవుడు సూసుకుంటాడు లే," అని తనలో తానే అనుకుంది. నేనది చూశాను. నాకు సంతోషమేసింది కూడా.

గంజి కాచి, చల్లార్చి, ఉప్పు వేసి అవ్వ నోటి దగ్గర పెట్టింది. అవ్వ పెదవులు బిగించింది.

"తాగత్తా, రోంత తాగు."

"ఈపొద్దు వాళ్ళకు తీయల్యా నువ్వు."

"ఎవురికత్తా?"

"ఎవురికంటావేంది మ్మే? మీ మామకు, నా పెద్దోనికి. దినామూ తీస్తావు గదా. నేను ఇంటాండా గదా. వాళ్ళకు తీయకుండా నాకు పెడతావా?"

అమ్మ చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. నాకప్పటికి అర్థమయ్యే వయసు వచ్చింది. ఇన్నేళ్ళుగా పొయ్యి పక్కన కూర్చుని అవ్వ వింటున్నది ఏమిటో, "ఊఁ" అని తలాడించింది దేనికో, కోడలు బంగారమని ఊరందరికీ ఎందుకు చెప్పుకుందో మాకిద్దరికీ ఒకేసారి తెలిసింది. గుళ్ళో సాక్ష్యం చెప్పిన నెమ్మది దేవుడిచ్చింది కాదు. అవ్వ తన లెక్కలో తను, చచ్చినవాళ్ళు మళ్ళీ అన్నం తింటున్నారని నెమ్మదిగా ఉంది.

ఆ పూట గంజి ఎవరూ ముట్టలేదు. తెల్లవారాక చల్లటిది నేనే తాగాను.

అమ్మ అయ్యగారి దగ్గరికి పోయి అంతా చెప్పుకుంది. ఆయన మంచాయన, ఎండలో సైకిల్ మీద నాలుగు పల్లెలు తిరిగే మనిషి. "నిజం చెప్పెయ్యమ్మా. మెల్లగా చెప్పు. నిజం మీద వచ్చే నెమ్మదే నిలబడుతుంది" అన్నాడు. ఆయన మాట తప్పని నేను ఇప్పటికీ అనను. ఆయన మా ఇంట్లో ఉండి వినలేదు, అంతే.

అవ్వకు జ్వరం తగ్గాక, ఒక మధ్యాహ్నం అరుగు మీద ఇద్దరూ కాయలు ఒలుస్తుండగా అమ్మ చెప్పింది.

"అత్తా, నేను తీసే పిడికెడు మామకు కాదు. దేవునికి. గుడికి పోతాది."

అవ్వ వేళ్ళు కాయ మీద ఆగిపోయాయి.

"పెద్దోనికీ కాదా?"

"కాదత్తా."

"ఒగ దినం గూడా తీయల్యా?"

"ల్యా అత్తా."

అవ్వ చేతిలో కాయను ఒలవకుండానే బుట్టలో వేసేసింది.

"అయితే ఇన్నేండ్లూ ఊరికే వచ్చి ఊరికే పోయినారా వాళ్ళు," అంది.

ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఏడ్చినా బాగుండేది. ఎవరినో ఇంటికి భోజనానికి పిలిచి, తలుపు తీయనివాళ్ళు సిగ్గుపడినట్టు సిగ్గుపడింది అవ్వ.

ఆ ఆదివారం అమ్మ గుళ్ళో లేచి, తను ముందు చెప్పిన సాక్ష్యం పొరపాటని చెప్పింది. ఎందుకు పొరపాటో చెప్పలేదు. ఈసారి చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు, తర్వాత పాట ఎత్తుకున్నారు.

ఇంట్లో మాత్రం వాళ్ళు మళ్ళీ వచ్చారు. వచ్చారనే అంటాను, ఎందుకంటే అవ్వ ముఖం చూస్తే అట్లాగే ఉండేది. ముందులాగా తలుపు తీయమని అడగలేదు.

"ఆడ్నే నిలబడుకోని ఉండారు. మాట్లాడల్యా. నేను తినేది సూస్తాండారు," అనేది. ముద్ద నోటి దాకా తీసుకుపోయి దించేసేది. "వాళ్ళు సూస్తాంటే నేనెట్ల తినేది మ్మే?"

రోజు రోజుకూ అవ్వ అరిగిపోయింది. నాయనకు కబురు పెడితే బెంగళూరు నుంచి వచ్చాడు. తల్లిని చూసి, అమ్మ మీద లేచాడు.

"ఒగ పిడికెడు వాళ్ళ పేరున తీస్తే నీ దేవుని సొమ్మేం పోతాది? ముసిల్ది సచ్చిపోతాండాది, నీకు కండ్లు కనపడల్యా?"

"తీసేదానికి కాదు బాధ," అంది అమ్మ. "అది వాళ్ళకని చెప్పేదానికి నాకు నోరు రాదు. దేవుని ముందర ఒగ మాట, అత్త ముందర ఒగ మాట ఎట్ల చెప్పేది?"

"అయితే నీ నోరు నువ్వే పెట్టుకో," అని నాయన బయటికి పోయాడు. రెండు రోజులుండి, పని పోతుందని మళ్ళీ బస్సెక్కాడు. వాళ్ళిద్దరిలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నేను ఇద్దరి మీదా తెచ్చుకున్నాను. అవ్వ బతకాలంటే అమ్మ అబద్ధమాడాలి. అమ్మ అమ్మలా ఉండాలంటే అవ్వ పోవాలి. ఆ ఇంట్లో సంగటి గిన్నె చుట్టూ అంతకు మించి ఇంకేం లేదు.

అవ్వే దారి చూపించింది. ఒక సాయంత్రం, అమ్మ మళ్ళీ ముద్ద పట్టుకుని బతిమాలుతుంటే, తడుముకుని అమ్మ మణికట్టు పట్టుకుంది.

"వాళ్ళ మాట ఇడ్సిపెట్టు మ్మే. వాళ్ళు ఆకలికి అలవాటు పడింటారు. నేను పోయినాక నాకన్నా తీస్తావా? నేను తట్టుకోలేను, నీకు తెలుసు గదా."

అమ్మ గూట్లో డబ్బా వైపు చూసింది. పొయ్యిలో కట్టె చిటపటమంటోంది. అంతసేపూ అవ్వ చెయ్యి వదల్లేదు. నేను గడప దగ్గర నిలబడి, చెప్పమ్మా, చెప్పు అని లోపల్లోపల అరిచాను. చెప్పొద్దని కూడా అరిచానేమో.

"తీస్తానత్తా," అంది అమ్మ.

అవ్వ చెయ్యి వదిలి నోరు తెరిచింది. ఆ పూట కడుపు నిండా తిన్నది.

తర్వాత అవ్వ ఇంకో వానాకాలం దాకా బతికింది. పోయేరోజు మధ్యాహ్నం కూడా సంగటి తిని, గోడకు ఆనుకుని పోయింది. నాయన ఊరివాళ్ళ పద్ధతిలోనే తాత పక్కన పూడ్చాడు. ఆ సాయంత్రం పక్కింటివాళ్ళు వండి తెచ్చారు కాబట్టి మా పొయ్యి వెలగలేదు. మరుసటి సాయంత్రం అమ్మ చాటలో బియ్యం పోసుకుంది. పిడికెడు తీసి డబ్బాలో వేసింది. అమ్మ మళ్ళీ చాటలో చెయ్యి పెట్టి ఇంకో పిడికెడు తీసి, అదే డబ్బాలో వేసింది. గోడ పక్క అవ్వ కూర్చునే చోట ఎవరూ లేరు. అయినా మేమిద్దరం అటే చూశాం.

స్త్రీల కూటం పెద్దరికం అమ్మ మానుకుంది. ఎంతమంది అడిగినా మళ్ళీ సాక్ష్యం చెప్పలేదు. గుడి మానలేదు, కూలి మానలేదు, రెండో పిడికెడు మానలేదు. శనివారం మా ఇంటి బియ్యం మిగతా ఇళ్ళకంటే ఎక్కువగా ఉండేది. అయ్యగారి భార్య మెచ్చుకుంటే అమ్మ తల వంచుకునేది. అందులో ఎవరిది ఎంతో అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరో ఆకలిగొన్న ముసలమ్మ ఆ బియ్యం వండుకుని తినేది, అది మాత్రం నిజం.

పెళ్ళయి, టీచరు ఉద్యోగం వచ్చి, గోరంట్లలో కాపురం పెట్టాక ఒకసారి అమ్మను అడిగాను. మా ఇంటికి వచ్చినప్పుడు కూడా నా డబ్బాలో రెండోసారి చెయ్యి విప్పుతోంది.

"అమ్మా, ఇది పాపం కాదా?"

"ఏమో మ్మా. మాటిచ్చినా."

"అవ్వ నీకు వినబడుతుందా?"

అమ్మ చాట పక్కన పెట్టి, చేతులు దులుపుకుంది.

"ఏయకపోతే వినబడ్తాది," అంది.

అమ్మ పోయి కొన్నేళ్ళయింది. చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. స్కూలు నుంచి వచ్చి, పిల్లలకు పెట్టి, అమ్మకు పెట్టి, గుళ్ళో ఆదివారం బడి పిల్లలకు చెప్పే పాఠం చూసుకునేసరికి నాకు ఒళ్ళు తెలిసేది కాదు. అయినా రోజూ ఒక మాట కోసం ఎదురుచూశాను. అవ్వ అడిగినట్టు అమ్మ కూడా నన్ను అడుగుతుందని. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అమ్మ అడగలేదు. చివరికి నేనే ఉండబట్టలేక, "నీకేమన్నా కావల్లామ్మా?" అన్నాను.

"నాకేమిటికి? నేను పోయేచోట అన్నీ ఉండాయి లే," అని నవ్వింది. తొట్టిలోంచి లేచినప్పుడు నవ్విన నవ్వే అది.

నేనూ అదే నమ్ముతాను. చనిపోయినవాళ్ళకు ఆకలి లేదని పిల్లలకు పాఠం చెప్తాను. చెప్పి ఇంటికొచ్చి ఎసరు పెట్టి, ఒక పిడికెడు తీస్తాను, అది దేవుడిది. ఇంకో పిడికెడు తీస్తాను, అది మా అమ్మ ఇచ్చిన మాట. అక్కడితో అయిపోవాలి. అవ్వ ఆకలేస్తుందని చెప్పి పోయింది, అమ్మ ఏమీ వద్దని చెప్పి పోయింది. ఎవరు చెప్పింది వాళ్ళకు చేస్తే సరిపోవాలి. చెయ్యి మళ్ళీ బియ్యంలోకి పోతుంది, అక్కడ ఆగిపోతుంది. ఇల్లంతా వింటాను. కాళ్ళీడ్చే చప్పుడు ఏమీ ఉండదు, తలుపు దగ్గర ఎవరూ నిలబడరు. అమ్మకు నిజంగానే ఏ లోటూ లేదని ధైర్యం తెచ్చుకోబోతాను.

అప్పుడే గుర్తొస్తుంది. అమ్మ జన్మలో అబద్ధం ఆడలేదు, ఒక్క ఆకలి విషయంలో తప్ప. రైతింట్లో తిన్యా లే అని చెప్పి, మా గిన్నెల వైపు చూడకుండా కూర్చునేది. మూడో పిడికెడు కూడా డబ్బాలో వేసేస్తాను.